మింగిన ఊపిరి

కొత్త చట్టం అమల్లోకి వచ్చిన మొదటి వారంలో విశాఖపట్నంలో ఎవరూ ఏమీ మానలేదు.

ఈ-సిగరెట్ల అమ్మకం మీద నిషేధం అంతకు ముందు నుంచీ ఉన్నదే. దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్లలో అడిగితే కౌంటర్ కింద నుంచి తీసి ఇచ్చేవారు. ఈసారి వచ్చిన చట్టం అమ్మకంతో ఆగకుండా పీల్చడాన్ని కూడా నేరం చేసింది. ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు కొందరు బీచ్ రోడ్డు మీద నినాదాల అట్టలు పట్టుకుని గంటసేపు నిలబడ్డారు, వాన మొదలుకాగానే చెదిరిపోయారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులు ముప్ఫై మంది కలెక్టర్‌కు అర్జీ పెట్టుకున్నారు. సిగరెట్ మానడానికే దీన్ని పట్టుకున్నామనీ, సిగరెట్‌ను బడ్డీ కొట్లో అమ్మనిచ్చి దీన్ని నేరం చేయడం ఏం న్యాయమనీ అందులో రాశారు. అర్జీ అందినట్టు సంతకం చేసి ఇచ్చారు. అంతే. కొందరు మళ్ళీ సిగరెట్‌కే వెళ్ళారు. ఎక్కువమంది మాత్రం ఈ-సిగరెట్ గొట్టాన్ని ప్యాంటు జేబులోంచి సాక్స్‌లోకి మార్చుకుని మామూలుగా బతికారు.

రెండో నెలలో బిళ్ళ వచ్చింది. అప్పుడు మారారు.

ఆ బిళ్ళను తయారుచేసినావిడ పేరు బలగ నీలవేణి. వయసు నలభై నాలుగు. నగర శివారులో కొండవాలున ఉన్న ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో జీవరసాయన శాస్త్రవేత్త. పొగాకు మొక్క మీద గుడ్లు పెట్టే ఒక రకం రెక్కల పురుగు ఉంది. ఆ ఆకు వాసనను అది చాలా దూరం నుంచే పసిగడుతుంది. ఆ పురుగు మీసాల్లో వాసన పట్టే ప్రోటీన్‌ను విడదీసి, ఈస్ట్‌లో పెంచి, పలచటి పొరలా కాగితం మీద పరవడానికి నీలవేణికి తొమ్మిదేళ్ళు పట్టింది. చివరికి చేతికొచ్చింది తపాలా బిళ్ళంత తెల్ల కాగితం.

దాన్ని అధికారులకు చూపించిన రోజున ఆమె సహాయకుడు సిరాజ్ మేడ మీదికి వెళ్ళి, పోలీసులు పట్టుకున్న గొట్టంతో ఒక్క దమ్ము లాగాడు. మూడంతస్తులు దిగి వచ్చాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు, యాలక్కాయ నమిలాడు. తర్వాత బిళ్ళ ఉంచిన బల్ల ముందు కూర్చుని తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పాడు. ఊరి పేరు పూర్తికాక ముందే బిళ్ళ నీలంగా మారింది.

వచ్చిన అధికారుల్లో ధూమ నియంత్రణ విభాగం డైరెక్టర్ కృపాకర్ ఉన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి బిళ్ళను వేళ్ళతో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. మూడు వారాల్లో ఆర్డరు వచ్చింది.

నీలవేణికి పొగ అంటే ఉన్న కక్ష ఇవాళ్టిది కాదు. ఆమె తల్లి శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో అడ్డపొగ తాగేది. చుట్ట కాలే కొసను నోట్లోపల పెట్టుకుని పీల్చే అలవాటు అది. అక్కడి ఆడవాళ్ళు వల పనులు చేసుకుంటూ రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవడానికి అలా కాల్చేవారు. తల్లికి అంగిట్లో పుండు పడి, అది మానక, నీలవేణి పదకొండో ఏట ఆమె పోయింది. తర్వాత అక్క పైడమ్మ, బావ సన్యాసిరావు ఆమెను మల్కాపురం తీసుకొచ్చి కూతురిలా పెంచారు. సన్యాసిరావు ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు. మరదలి మార్కుల కాగితాన్ని యార్డు క్యాంటీన్‌లో అందరికీ చూపించి వచ్చిన మనిషి.

ఆయనకూ చుట్ట అలవాటే. ఇరవై ఏళ్ళు కాల్చాడు. తెల్లారి లేస్తే ఇల్లు కదిలేలా దగ్గేవాడు. యాభయ్యో ఏట ఎవరో ఈ-సిగరెట్ అలవాటు చేశారు. యార్డులో దాన్ని అందరూ పెన్ను అంటారు. పెన్ను వచ్చాక చుట్ట పోయింది, ఏడాదిలో దగ్గు కూడా చాలావరకు పోయింది. "దీన్ని ఎవులు కనిపెట్టారో గానీ ఆళ్ళ కాళ్ళకి దండమెట్టాలే" అనేది పైడమ్మ. 

చట్టం వచ్చిన వారం సన్యాసిరావు ఆమెను సూటిగానే అడిగాడు.

"ఏటి నీలమ్మా, సుట్ట కాలిస్తే ఎవులూ అడగరు. దీనికి మాత్రం గేట్ పాస్ లాగేసుకుంటారంట. సదువుకున్నదానివి, నువ్వే సెప్పు, ఇదేటి నాయం?"

"రెండూ మానెయ్ బావా."

"మానీమంటే మానీడానికి అది సినిమా కాదు కదే. నానడిగింది నాయం గురించి."

నీలవేణి కంచంలో పెరుగు కలుపుకుంది.

బిళ్ళలు ముందు కాలేజీలకు వెళ్ళాయి, తర్వాత సిటీ బస్సులకు, ఆ తర్వాత ఓడరేవు చుట్టూ ఉన్న కార్ఖానాలకు. యార్డులో ప్రతి కార్మికుడి గుర్తింపు కార్డు మీదా ఒక బిళ్ళ అంటించారు. ప్రతి సోమవారం గేటు దగ్గర పాతది తీసి కొత్తది అంటించేవారు. పాతవి కార్డు నంబరు వేసిన కవర్లలో ప్రయోగశాలకు తిరిగొచ్చేవి. మూడుసార్లు నీలం కనిపిస్తే పాస్ రద్దు. జనం దాన్ని బిళ్ళ అనడం మానేసి పురుగు అనడం మొదలుపెట్టారు. "పురుగు కుట్టింది" అంటే పట్టుబడ్డాడని అర్థం. "పురుగు ఉందా?" అని అడిగి మరీ హోటల్లో అడుగుపెట్టేవారు.

యార్డు నుంచి మొదటి వారం తొమ్మిది వందల పైచిలుకు నీలం బిళ్ళలు వచ్చాయి. మూడో నెలకు నలభై. ఐదో నెలలో రెండు. కృపాకర్ ఒక సభ పెట్టి నీలవేణికి శాలువా కప్పాడు. చివరి రెండు నెలల్లో ఒక్కసారి కూడా నీలం రాని కార్మికులకు "నిర్మల శ్వాస" అని ప్రశంసాపత్రాలు పంచాడు. ఆ పత్రం మీద, ఈ వ్యక్తి ధూమపాన పరికరాన్ని సంపూర్ణంగా విడిచిపెట్టినట్టు ధ్రువీకరించడమైనది అని అచ్చువేసి ఉంది. పత్రం అందుకున్నవాళ్ళలో సన్యాసిరావు కూడా ఉన్నాడు. వేదిక మీద నుంచి మరదలిని చూసి చెయ్యి ఊపాడు.

నీలవేణికి ఆ రోజుల్లో ఒకటే చికాకు. తిరిగొచ్చిన బిళ్ళల్లో కొన్నింటికి అంచు వెంబడి సన్నగా పసుపు జీర కనిపిస్తోంది.

"పొర సమంగా పరుచుకోవట్లేదు సిరాజ్. అంచుల్లో జిగురు ఎక్కుతున్నట్టుంది."

సిరాజ్ జిగురు మార్చాడు. కాగితం మార్చాడు. ఆరబెట్టే పెట్టె వేడి తగ్గించాడు. ఐదు విడతలు చేసి చూశాడు. ప్రయోగశాలలో ఎన్ని రోజులు ఉంచినా ఒక్క బిళ్ళ కూడా పసుపెక్కలేదు. బయట తిరిగి వచ్చినవాటికే ఎక్కుతోంది. కాలేజీల నుంచి వచ్చేవాటిలో ఎక్కడో ఒకటి. యార్డు నుంచి వచ్చేవాటిలో మాత్రం వారం వారం పెరుగుతూ.

"ఇది మన తప్పు కాదనిపిస్తోంది మేడమ్" అన్నాడు సిరాజ్. "ఇది దేన్నో చూస్తోంది. అదేంటో మనకే తెలియట్లేదు."

ఆ మాట మీద ఆమె అంత దృష్టి పెట్టలేదు. తయారీ లోపం అని పుస్తకంలో రాసుకుంది.

ఆ ఆదివారం మల్కాపురం వెళ్ళింది. పైడమ్మ చేపల పులుసు పెట్టింది. భోజనాలయ్యాక సన్యాసిరావు తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. నీలవేణి వంటింట్లో కంచాలు కడుగుతూ కిటికీలోంచి చూసింది.

ఆయన కుళాయి కింద తువ్వాలు తడిపి పిండాడు. నీళ్ళ డ్రమ్ము పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నడుం దగ్గర నుంచి పెన్ను తీసి గట్టిగా లాగాడు. పెదాలు బిగించాడు. బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నీళ్ళలో మునిగినవాడిలా మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. నలభై దాకా వెళ్ళాడు. అప్పుడు తడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలా నెమ్మదిగా ఊపిరి వదిలాడు. పొగ లేదు. ఆవిరి కూడా లేదు. ఏమీ బయటికి రాలేదు.

ఆమె చేతులు తుడుచుకోకుండానే పెరట్లోకి వెళ్ళింది.

"ఇదేంటి బావా?"

దొరికిపోయినా ఆయన ముఖంలో సిగ్గు కన్నా గొప్పే ఎక్కువ కనిపించింది. "మింగుడు అంటారు దీన్ని. నీ పురుక్కి మా వోసన దొరకదు. యార్డులో సగం మంది ఇలాగే."

"ప్రశంసాపత్రం తీసుకున్నావు కదా!"

"అందరూ తీసుకున్నారు. నానొక్కడినే ఒద్దంటే అనుమానం రాదేటి?"

ఆయన పక్కన కంటి చుక్కల సీసా లాంటిది ఒకటి ఉంది. నీలవేణి మూత తీసి వేలి మీద చుక్క వేసుకుంది. ఈ-సిగరెట్లలో పోసే మామూలు ద్రవం నీళ్ళలా ఉంటుంది. ఇది వేళ్ళ మధ్య సాగింది.

"ఇది నూనె బావా."

"నూనే. అదైతే లోపలే అతుక్కుపోద్ది, బయటికి రాదు. మామూలుదైతే మింగినా కొంత వచ్చేస్తాది. మావోళ్ళు అన్నీ సేసి సూసి దీన్ని పట్టినారు."

చెప్పడం పూర్తి చేసేలోపే ఆయనకు దగ్గు వచ్చింది. పాత చుట్ట దగ్గులా గరగరమనే దగ్గు కాదు. తడి లేని చిన్న దగ్గు, ఒకదాని మీద ఒకటి. నీలవేణి లోపలికెళ్ళి సంచిలోంచి కొత్త బిళ్ళ తెచ్చి ఆయన నోటి ముందు పట్టుకుంది. నీలం రాలేదు. ఇద్దరూ చూస్తుండగా అంచు వెంబడి పసుపు పాకింది.

సోమవారం ఆమె ఆ సీసాను ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. గాజు పళ్ళెంలో పెంచిన ఊపిరితిత్తుల కణాల మీదికి ఆ నూనె ఆవిరిని పంపింది. రెండు రోజుల తర్వాత పళ్ళెం మీద గాలిని బిళ్ళ మీదికి వదిలింది. పసుపు వచ్చింది. నూనె ఆవిరి తగలని పళ్ళెం మీద గాలికి రాలేదు. పురుగు మీసం పొగాకు వాసనతో పాటు దెబ్బతిన్న ఆకు వాసనను కూడా పడుతుందని ఆమె తొమ్మిదేళ్ళ కిందట చదివిందే. దెబ్బతిన్న ఆకు నుంచి వచ్చే పదార్థాలకూ, పాడవుతున్న ఊపిరితిత్తి నుంచి వచ్చే పదార్థాలకూ దగ్గరి పోలిక ఉందని అప్పుడు తట్టలేదు.

సిరాజ్ పెట్టెలన్నీ దింపాడు. ఇద్దరూ యార్డు బిళ్ళలను మళ్ళీ మొదటి నుంచి చూశారు. పసుపు అంచున్న నంబర్లు మూడు వందల పన్నెండు తేలాయి.

ఆమె కృపాకర్ దగ్గరికి వెళ్ళింది.

"నీలం రాకపోవడానికి కారణం వాళ్ళు మానడం కాదండి. దాచుకోవడం."

"ఎక్కడ దాచుకుంటారు?"

"ఊపిరితిత్తుల్లో."

వివరంగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు, రెండూ సరైనవే. తర్వాత అన్నాడు: "కాలేజీల్లో పదహారేళ్ళ పిల్లలు నిజంగానే మానారు. అది మీ బిళ్ళలే చెప్తున్నాయి. అబద్ధమా?"

"అబద్ధం కాదండి. అలవాటు ముదరనివాళ్ళు మానారు. ముదిరినవాళ్ళు మింగుతున్నారు. వాళ్ళని శిక్ష లేకుండా ఆసుపత్రికి రానివ్వండి. వైద్యుడు పేరు రాసి మీకు పంపాలని చట్టంలో ఉంది, అందుకే వెళ్ళడానికి భయపడుతున్నారు. ఆ నిబంధన ఒక్కటి తీసేస్తే చాలు."

"ఆ నిబంధన తీసేస్తే చట్టంలో ఇంకేం మిగులుతుంది డాక్టర్? రేపటి నుంచి అందరూ జబ్బు పేరు చెప్తారు." ఆయన కలం మూత పెట్టాడు. "మీరు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చేది వేరే ఉంది. మింగినా పసుపు పట్టిస్తుంది. అది తెలిస్తే మింగరు."

"ఇంకో దారి వెతుకుతారు. దీన్నీ అలా వెతికే పట్టుకున్నారు."

"పది రోజుల్లో పసుపు నంబర్ల జాబితా పంపండి. నివేదిక తర్వాతైనా పర్వాలేదు."

తిరిగొచ్చాక సిరాజ్‌తో చెప్పింది. అతను పెట్టెల వైపు చూశాడు.

"బ్యాచ్ మొత్తం చెడిపోయిందని రాసేద్దాం మేడమ్. స్పిరిట్‌లో ముంచితే ఐదు నిమిషాల్లో అన్నీ తెల్లగా అయిపోతాయి."

"అయిపోతాయి. మనిద్దరం క్షేమం. ఆ మూడు వందల మందికి ఎవరు చెప్తారు?"

సిరాజ్ లేచి వెళ్ళి కారు తాళాలు తెచ్చాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు యార్డులో షిఫ్టు మారుతుంది. డ్యూటీ దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ క్యాంటీన్‌లో కలుస్తారు. నీలవేణి, సిరాజ్ నాలుగు అట్టపెట్టెలు మోసుకుని లోపలికొచ్చారు. సన్యాసిరావు ముందు నడిచాడు. ఆయన పక్కన లేకపోతే గేటు దగ్గరే ఆపేసేవారు. ఆవిడెవరో తెలియగానే క్యాంటీన్‌లో మాటలు ఆగిపోయాయి.

"పురుగులమ్మ వచ్చిందిరా" అన్నాడెవడో వెనకనుంచి. ఎవరూ నవ్వలేదు.

ఆమె సభల్లో మాట్లాడినట్టు మాట్లాడలేకపోయింది. ఆ నూనె ఏంచేస్తుందో చెప్పింది. ఊపిరితిత్తి చివర్లలో ఉండే చిన్న చిన్న గదుల్లో పేరుకుపోతుందనీ, ఒంటికి దాన్ని బయటికి నెట్టే దారి లేదనీ, మొదట పొడి దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నిమ్ములా జ్వరం వస్తాయనీ చెప్పింది. తొందరగా వెళ్తే కడిగే వైద్యం ఉందని చెప్పింది.

క్రేన్ల విభాగంలో పెద్దాయన ఒకడు లేచాడు. "ఇదంతా సరేనమ్మా. ఎవులెవులు మింగుతన్నారో మీకు తెలుసా?"

"నంబర్లు తెలుసు."

"అయ్యి సర్కారుకి ఇచ్చీస్తావా?"

"అడిగారు. పది రోజుల గడువిచ్చారు."

గోల లేచింది. ఒకతను గ్లాసు నేలకేసి కొట్టాడు. "మా కంట్లో కారం కొట్టి, మందు రాస్తానని వచ్చినావేటి?" అని మరొకతను బల్ల మీద గుద్దాడు. ఆమె తలవంచుకోలేదు. అతను అన్నదాంట్లో కొట్టిపారేయాల్సిందేమీ ఆమెకు కనిపించలేదు.

సన్యాసిరావు ఒక కొత్త బిళ్ళ తీసుకుని బల్లెక్కాడు.

"ఒరే, ఇటు సూడండి. ఇది నా మరదలు. నాను పెంచినాను. దాని బిళ్ళకి బయపడి నానే మింగినాను, దానికే సెప్పకండా. సూడండి." బిళ్ళ మీద ఊదాడు. అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. అంచు పసుపెక్కేసరికి ఆయనకు దగ్గు అందుకుంది. ఇద్దరు పట్టుకుని దించాల్సి వచ్చింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. క్యాంటీన్ అంతా ఆ దగ్గు వింటూ నిలబడింది.

నీలవేణి పెట్టె మూత తీసింది. "జాబితా నేను రాయలేదు. ఉన్నవి ఈ బిళ్ళలే. ఎవరి నంబరు వాళ్ళు తీసుకుపోండి. పసుపుంటే రేపే ఆసుపత్రికెళ్ళండి."

క్రేన్ల పెద్దాయన ముందుకొచ్చి తన నంబరు చెప్పాడు. తర్వాత వరస కట్టారు. మొదటి సైరన్‌కు పనిలోకి వెళ్ళాల్సినవాళ్ళు కూడా కదల్లేదు.

ఆ వారం విశాఖపట్నంలో వెల్డింగ్ పొగ ఉన్నట్టుండి మహా ప్రమాదకరంగా మారింది. రెండు వందల మందికి పైగా దాన్ని పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నట్టు ఆసుపత్రి కాగితాల్లోకి ఎక్కింది. వాళ్ళలో క్రేన్లు నడిపేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, క్యాంటీన్‌లో వంటచేసేవాళ్ళు కూడా ఉన్నారు. వైద్యులు కారణం అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకుని, తలెత్తకుండా మందులు రాసిచ్చారు.

నీలవేణిని సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ ఆధారాలను పంచిపెట్టినందుకు విచారణ అన్నారు. సిరాజ్‌ను వేరే ఊరికి బదిలీ చేశారు. కృపాకర్ ఆమెకు ఫోన్ చేసి, "మీరు అడిగింది నేను పైకి రాశాను, కాదన్నారు. ఆ సంగతి మీకు తెలియాలని చేశాను" అని పెట్టేశాడు.

సన్యాసిరావుకు పెద్దాసుపత్రిలో రెండు విడతలుగా ఊపిరితిత్తులు కడిగారు. మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తితో గాలి పీల్పిస్తూ, రెండో దాంట్లోకి ఉప్పునీళ్ళు పంపి తిరిగి తీసే వైద్యం అది. సీసాలోకి తిరిగొచ్చిన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. పైడమ్మ బయట బల్ల మీద కూర్చుని ఉంది. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వెట్టిన బిళ్ళకి బయపడి మింగినాడు" అంది పైడమ్మ. "నువ్వొచ్చి సెప్తే మానినాడు. నిన్ను తిట్టాలో దండమెట్టాలో నాకు తెలీట్లేదే."

"నాకూ తెలీదక్కా."

ఆయన బతికాడు. వెల్డింగ్‌కు మళ్ళీ పనికిరాడన్నారు. యార్డు స్టోరు గదిలో సామాను రాసే పని ఇచ్చారు.

పెట్టెల్లో పసుపు అంచున్న బిళ్ళలు పదిహేడు మిగిలాయి. ఆ రోజు సెలవులో ఉన్నవాళ్ళవి. సస్పెన్షన్‌లో పని లేకపోవడంతో నీలవేణి వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళింది. పదహారు మంది దొరికారు. పదిహేడో అతని పేరు కోరాడ ముత్యాలు, క్రేన్ నడిపేవాడు. ఇల్లు పెందుర్తి దాటాక.

తలుపు తీసినామె అతని భార్య అచ్చియ్యమ్మ. ముత్యాలు పోయి పదకొండు రోజులైంది. నిమ్ము చేసిందని చెప్పారు, నాలుగు రోజుల్లో అయిపోయింది. చిన్న గదిలో గోడకు అతని ఫొటో, దాని పక్కనే అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు వాకిట్లో గచ్చకాయలు ఆడుకుంటున్నారు.

నీలవేణి ఎవరో చెప్పుకుంది. అచ్చియ్యమ్మకు ఆ పేరు కొత్త. ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చారనుకుంది.

"మీలాటోళ్ళనే అడగాలనుకున్నానమ్మా. పెన్ను పీల్చితే ఊపిరి పోద్దని అందరూ అన్నారు. ఆడు మానీసినాడు. ఇదిగో, సర్కారోళ్ళు రాసిచ్చినారు. మానీసినాక ఎందుకు పోనాడు?"

వచ్చే దారిలో నీలవేణి చెప్పడానికి చాలా మాటలు కూర్చుకుంది. ఒక్కటీ పనికిరాలేదు.

"మానలేదమ్మా. మానినట్టు కనపడ్డాడు." మింగుడు గురించి చెప్పింది. బిళ్ళ గురించి చెప్పింది. దాన్ని తయారుచేసింది తనేనని కూడా చెప్పింది.

అచ్చియ్యమ్మ గోడ మీది ఫొటో వైపు చూసింది. "పదిహేనేళ్ళ కాపరం. నా కాడ ఎందుకు దాసినాడమ్మా?"

"మీ దగ్గర దాచలేదు. నా దగ్గర దాచాడు."

ఆ మాటకు ఆమె ఏడ్చింది. నీలవేణి లేచి వెళ్ళిపోదామనుకుంది, కానీ అచ్చియ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. పట్టుకున్నది కోపంతోనో మరెందుకో తెలియలేదు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. పిల్లలు లోపలికి వచ్చి ఇద్దరినీ చూసి మళ్ళీ బయటికి పోయారు.

విచారణ సంఘం రెండు నెలల తర్వాత కూర్చుంది. ముగ్గురు సభ్యులు, ఒక రిటైర్డు న్యాయమూర్తి అధ్యక్షుడు. నీలవేణి తను చేసినవన్నీ ఒప్పుకుంది. తప్పని ఒప్పుకుంటారా అని అడిగారు. "ఉత్తర్వును ధిక్కరించాను, అది తప్పే. మొదటి పసుపు అంచును లోపమని రాసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. దానికి మీ దగ్గర సెక్షన్ లేదు" అంది. ఆమెను ఉద్యోగంలోకి తిరిగి తీసుకోలేదు. వైద్యులు పేర్లు రాసి పంపాలన్న నిబంధనను మాత్రం సంఘం సిఫారసు మీద ఆ ఏడాది ఆఖరుకు ఎత్తేశారు. నిషేధం అలాగే ఉంది. బిళ్ళలు వేరే ప్రయోగశాలలో తయారవుతున్నాయి.

ఆ విచారణలో చివరి సాక్షి అచ్చియ్యమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. అద్దం ఊడదీసిన ప్రశంసాపత్రాన్ని అధ్యక్షుడి బల్ల మీద పెట్టింది.

"మీకేం కావాలమ్మా?" అన్నాడాయన. "పరిహారానికైతే వేరే అర్జీ పెట్టుకోవాలి."

"అది కాదు బాబూ. ఇందులో నా మొగుడు మానీసినాడని రాసుంది. అది నిజం కాదు. మార్చి రాసియ్యండి. నా గుంటలు పెద్దయితే, నాయన ఎందుకు పోనాడని అడుగుతారు. ఈ అబద్దం సూపించలేను."

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని దిద్దే అధికారం తమకు లేదని ఒకాయన మెల్లగా అన్నాడు. అధ్యక్షుడు పత్రాన్ని దగ్గరికి లాక్కుని కళ్ళజోడు సవరించుకున్నాడు. ధూమపాన పరికరాన్ని సంపూర్ణంగా విడిచిపెట్టినట్టు అన్న మాటల మీద సిరాతో అడ్డంగా గీత గీశాడు.

"ఏమని రాయాలి?"

అచ్చియ్యమ్మ వెనక్కి తిరిగి నీలవేణి వైపు చూసింది. నీలవేణి లేచి నిలబడింది.

"మాకు భయపడి ఊపిరి మింగినట్టు అని రాయండి."

ఆయన అలాగే రాసి, కింద సంతకం చేసి, తారీఖు వేశాడు.